సింక్ ఆగినప్పుడల్లా ఆండ్రాయిడ్ స్టూడియో తీసేసి మళ్లీ వేయకండి: 8 జీబీ లాప్‌టాప్‌తో యాప్ పని సాగించే తీరు

ప్రశ్న క్లుప్తంగా ఇది: హన్మకొండ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న తమ్ముడి దగ్గర ఐ3 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్న విండోస్ లాప్‌టాప్ ఉంది. ఎనుమాముల మార్కెట్ పత్తి, మిర్చి ధరలు చూపించే యాప్‌ను, ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ అయిన ఆండ్రాయిడ్ స్టూడియోలో ప్రాజెక్టుగా చేస్తున్నాడు. ఫోన్ హాట్‌స్పాట్ మీద గ్రేడిల్ సింక్ (కోడ్‌ను యాప్‌గా కట్టే గ్రేడిల్, తనకు కావలసిన ఫైళ్లు దింపుకుని ప్రాజెక్టును సిద్ధం చేసే పని) గంటలకొద్దీ తిరుగుతోంది. ఎమ్యులేటర్ (లాప్‌టాప్ తెరమీద నడిచే నకిలీ ఫోన్) పెడితే లాప్‌టాప్ బిగుసుకుపోతోంది. రెడ్‌మీ ఫోన్‌లో యాప్ ఎక్కట్లేదు. సీనియర్ల దగ్గర తీసుకున్న ప్రాజెక్టు తెరుచుకోవట్లేదు. యాప్‌లో తెలుగు ఒత్తులు తెగిపోయి కనబడుతున్నాయి. ఇప్పటికి మూడుసార్లు ఆండ్రాయిడ్ స్టూడియో తీసేసి వేశాడు, “నాలుగోసారి వెయ్యమంటారా అన్నా?” అని అడిగాడు.

తమ్ముడూ, వెయ్యకు. మూడుసార్లు వేసినా బాగుపడలేదంటే రోగం స్టూడియోలో లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసినప్పుడు పోయేది ప్రోగ్రామ్ మాత్రమే. గ్రేడిల్ ఇంటర్నెట్ నుంచి దింపుకున్న సామానంతా సి డ్రైవ్‌లో యూజర్స్ కింద నీ పేరున్న ఫోల్డర్లో, ముందు చుక్కతో మొదలయ్యే ‘.గ్రేడిల్’ ఫోల్డర్లో ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ దాన్ని ముట్టదు. సగం దిగి పాడైన ఫైల్ అక్కడే కూర్చుంటుంది, కొత్తగా వచ్చిన స్టూడియో మళ్లీ దాన్నే పట్టుకుని అక్కడే ఆగుతుంది. డేటా ఖర్చు తప్ప ఏమీ మారదు. అందుకే ఒక్కో సమస్య ఎక్కడుందో చూసి అక్కడే చెయ్యి పెట్టాలి.

మొదలు సింక్ సంగతి. ‘తిరుగుతూనే ఉంది’ అంటే చాలదు, ఏం చేస్తూ తిరుగుతోందో చూడు. కింద బిల్డ్ విండో తెరిచి, ఎడమవైపు వరుసలో అన్నిటికన్నా పైనున్న పేరు నొక్కితే కుడివైపు పూర్తి వివరం వస్తుంది. అక్కడ ఏదో డౌన్‌లోడ్ అవుతూ సైజు పెరుగుతుంటే అది ఆగిపోలేదు, దాని మానాన వదిలెయ్. గ్రేడిల్ జిప్ ఫైల్ ఒక్కటే వంద ఎంబీ దాటుతుంది, ఆ తర్వాత లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్), ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ యాప్‌లు కట్టే పనిముట్ల కట్ట) ముక్కలు వస్తాయి. రోజుకు జీబీన్నర వచ్చే ప్యాక్‌తో మొదటి సెటప్ ఒక్క పూటలో అయిపోవాలని కూర్చుంటే అవదు.

హాట్‌స్పాట్ మధ్యలో తెగితే మాత్రం చిక్కు. అప్పుడు ‘కుడ్ నాట్ ఇన్‌స్టాల్ గ్రేడిల్ డిస్ట్రిబ్యూషన్’ అనో, ‘జిప్ ఎండ్ హెడర్ నాట్ ఫౌండ్’ అనో వస్తుంది. రెండోదానికి అర్థం జిప్ ఫైల్ తోక తెగింది అని, అంటే పూర్తిగా దిగలేదు. స్టూడియో మూసెయ్. టాస్క్ మేనేజర్లో జావా పేరుతో ఇంకేమైనా నడుస్తుంటే అవీ ఆపెయ్, లేకపోతే ఫైల్ తీయనియ్యదు. ‘.గ్రేడిల్’ లోపల ‘రాపర్’, దాని లోపల ‘డిస్ట్స్’ అనే ఫోల్డర్ ఉంటుంది. ఏ వర్షన్ దగ్గర ఆగిందో ఆ ఒక్క వర్షన్ ఫోల్డర్ తీసెయ్. మొత్తం ‘.గ్రేడిల్’ తీసేయమని చాలామంది చెప్తారు, ఆ మాట వినకు. బాగున్న లైబ్రరీలు కూడా పోయి, అన్నీ మళ్లీ దింపుకోవాల్సి వస్తుంది.

డేటా మిగుల్చుకునే ఉపాయం ఒకటుంది. పక్క రూములో ఎవరి లాప్‌టాప్‌లోనైనా సింక్ సక్కగ అవుతుంటే, వాళ్ల ‘డిస్ట్స్’ ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నీ దాంట్లో అదే చోట పెట్టు. లైబ్రరీలైతే ‘.గ్రేడిల్’ కింద ‘కాషెస్’ లోపల ‘మాడ్యూల్స్-2’ అనే ఫోల్డర్లో ఉంటాయి. దాన్నీ తెచ్చుకోవచ్చు, గ్రేడిల్ 6.1 నుంచి ఇది కుదురుతుంది. తెచ్చాక అందులో ‘.లాక్’ తో ముగిసే ఫైళ్లు, ‘జీసీ.ప్రాపర్టీస్’ ఫైల్ తీసెయ్. ఇద్దరిదీ ఒకే గ్రేడిల్ వర్షన్ అయితే ఏ చిక్కూ ఉండదు.

ఒకసారి పూర్తిగా సింక్ అయ్యాక, కుడివైపు గ్రేడిల్ విండోలో ఆఫ్‌లైన్ మోడ్ బటన్ నొక్కి పెట్టుకో. ఇక ఊరికే నెట్‌లో వెతకడం మానేస్తుంది. కొత్త లైబ్రరీ కలిపిన రోజు ‘నో క్యాష్డ్ వర్షన్ అవైలబుల్ ఫర్ ఆఫ్‌లైన్ మోడ్’ అంటుంది. అది తప్పు కాదు, ఆ ఒక్కసారికి ఆఫ్‌లైన్ తీసి సింక్ చేసి మళ్లీ పెట్టుకో.

కాలేజీ వైఫైలో సింక్ అయి రూముకొస్తే అవ్వట్లేదంటే ప్రాక్సీని (నీకూ నెట్‌కూ మధ్యలో ఉండే కాలేజీ సర్వర్‌ను) అనుమానించు. కాలేజీలో స్టూడియో ప్రాక్సీ వివరాలు అడిగినప్పుడు నువ్వు ఇచ్చింది, ‘.గ్రేడిల్’ ఫోల్డర్లోని ‘గ్రేడిల్.ప్రాపర్టీస్’ ఫైల్లో రాసి ఉండిపోతుంది. రూముకొచ్చాక కూడా గ్రేడిల్ ఆ కాలేజీ ప్రాక్సీనే వెతుక్కుంటూ టైమ్ అవుట్ అవుతుంది. నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైల్ తెరిచి ప్రాక్సీ హోస్ట్, ప్రాక్సీ పోర్ట్ అని ఉన్న లైన్లు తీసెయ్. ప్రాజెక్టు లోపల ఇదే పేరుతో ఇంకో ఫైల్ ఉంటుంది, రెండూ చూడు. ‘పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్’ అని వస్తే మధ్యలో ప్రాక్సీ గానీ యాంటీవైరస్ గానీ సర్టిఫికెట్ మారుస్తోందని. ప్రాక్సీ వల్లయితే ఆ ఒక్క సింక్ ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసుకుంటే గడిచిపోతుంది.

ఇక లాప్‌టాప్ బిగుసుకుపోవడం. 8 జీబీలో విండోస్‌కే రెండు మూడు జీబీలు పోతాయి. స్టూడియోకు ఒకటిన్నర, రెండు. గ్రేడిల్ డీమన్‌కు (తెర వెనక నడుస్తూనే ఉండే ప్రోగ్రామ్‌కు) కొత్త ప్రాజెక్టులో మామూలుగా రాసి ఉండేది 2048 ఎంబీ. దీనికి తోడు కోట్లిన్ కంపైలర్ (కోట్లిన్ భాషలో రాసిన కోడ్‌ను మిషన్‌కు అర్థమయ్యేలా మార్చేది) వేరే డీమన్‌గా లేస్తుంది, అది గ్రేడిల్‌కు ఇచ్చిన పరిమితినే తనకూ పెట్టుకుంటుంది. క్రోమ్‌లో నాలుగు ట్యాబులు తెరిచి ఉంటే లెక్క అక్కడికే నిండింది. ఇంకో రెండు జీబీలు తినే ఎమ్యులేటర్‌కు చోటెక్కడిది? ర్యామ్ నిండాక విండోస్ హార్డ్ డిస్క్ మీదికి మార్చుకుంటుంది, టాస్క్ మేనేజర్లో డిస్క్ వంద శాతం చూపిస్తుంది, మౌస్ కూడా కదలదు. నువ్వు చెప్పిన బిగుసుకుపోవడం ఇదే.

చేయాల్సినవి ఇవి. ప్రాజెక్టులోని ‘గ్రేడిల్.ప్రాపర్టీస్’లో జేవీఎం ఆర్గ్స్ లైన్ (గ్రేడిల్ ఎంత ర్యామ్ వాడుకోవచ్చో చెప్పేది) 2048 దగ్గరే ఉంచు. నెట్‌లో చూసి 4096 అని పెట్టినవాళ్లు 8 జీబీ మిషన్‌ను ఇంకా ముంచుతారు. ‘గ్రేడిల్ బిల్డ్ డీమన్ డిసప్పియర్డ్’ అనే ఎర్రర్ చాలాసార్లు ఇలా ర్యామ్ చాలకనే వస్తుంది. మరీ తగ్గించి 512 పెడితే ‘జావా హీప్ స్పేస్’ అని ఇంకో ఎర్రర్ వస్తుంది. అదే ఫైల్లో ‘కోట్లిన్.కంపైలర్.ఎగ్జిక్యూషన్.స్ట్రాటజీ’ అని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి, ఈక్వల్ గుర్తు పెట్టి ‘ఇన్-ప్రాసెస్’ అని ఇవ్వు. కోట్లిన్ వేరే డీమన్‌గా లేవకుండా గ్రేడిల్ లోపలే పని చేసుకుంటుంది, ఒక పెద్ద బరువు దిగుతుంది. ఒకటికి రెండు ప్రాజెక్టులు తెరిచి పెట్టకు. పని అయ్యాక స్టూడియో టెర్మినల్లో ‘గ్రేడిల్‌డబ్ల్యూ’ పక్కన రెండు అడ్డగీతలు పెట్టి ‘స్టాప్’ అని కొట్టు. లేకపోతే డీమన్ ఖాళీగా మూడు గంటల దాకా ర్యామ్ పట్టుకుని ఉంటుంది. విండోస్ డిఫెండర్ నుంచి ప్రాజెక్టు ఫోల్డర్లు మినహాయించమంటావా అని స్టూడియోనే అడుగుతుంది, సరే అను. బిల్డ్‌లో పుట్టే వేల చిన్న ఫైళ్లను డిఫెండర్ ఒక్కొక్కటిగా తడమడం ఆగుతుంది.

ప్రాజెక్టు డెస్క్‌టాప్ మీద ఉంటే, ఆ డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్‌లోకి వెళ్తోందేమో చూడు. అది బిల్డ్ ఫోల్డర్‌ను పట్టుకుంటే ‘అనేబుల్ టు డిలీట్ డైరెక్టరీ’ అని వస్తుంది. సి డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్ పెట్టుకో, పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. విండోస్ యూజర్ పేరే తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఇంకో బాధ: ఎస్‌డీకే, ‘.గ్రేడిల్’ రెండూ ఆ పేరు కిందే పడి నాన్-ఆస్కీ (ఇంగ్లీష్ కాని) అక్షరాలు ఉన్నాయని గోల చేస్తాయి. ఎస్‌డీకేను వేరే చోటికి మార్చి, ‘గ్రేడిల్ యూజర్ హోమ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో కొత్త ఫోల్డర్ ఇస్తే సరిపోతుంది.

డబ్బులు పెట్టగలిగితే నా మాటగా మొదలు ఎస్ఎస్‌డీ, తర్వాతే ర్యామ్. హార్డ్ డిస్క్ మీద 16 జీబీ ర్యామ్ ఉన్నా సింక్, ఇండెక్సింగ్ నత్తనడకే. ర్యామ్ కొనేముందు టాస్క్ మేనేజర్లో పర్ఫార్మెన్స్, మెమరీ నొక్కితే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కనిపిస్తుంది. రెండిట్లో ఒకటే నిండి ఉంటే ఇంకో స్టిక్ పడుతుంది. డీడీఆర్4 నా, డీడీఆర్5 నా అన్నది తెలుసుకునే షాపుకు పో, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు.

ఎమ్యులేటర్ గురించి నా సలహా ఒక్కటే: ఈ లాప్‌టాప్‌లో దాన్ని మరిచిపో. ఎమ్యులేటర్‌తో కలిపి వాడాలంటే 16 జీబీ ఉండాలని గూగుల్ తన ఆండ్రాయిడ్ స్టూడియో పేజీలోనే రాసింది. తప్పనిసరై ఒక్కసారి చూడాల్సి వస్తే టాస్క్ మేనేజర్లో సీపీయూ పేజీ కింద ‘వర్చువలైజేషన్: ఎనేబుల్డ్’ అని ఉందో లేదో చూసుకో. లేకపోతే బయోస్‌లో (లాప్‌టాప్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లో) ఇంటెల్‌కు వీటీ-ఎక్స్, ఏఎండీకి ఎస్‌వీఎం ఆన్ చెయ్. హ్యాక్స్ఎమ్ (ఎమ్యులేటర్ వేగం పెంచడానికి ఇంటెల్ ఇచ్చిన డ్రైవర్) ఎక్కించమని చెప్పే వీడియోలు పాతవి, ఇంటెల్ దాన్ని 2023లోనే ఆపేసింది. విండోస్ ఫీచర్లలో ‘విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫామ్’ టిక్ పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు.

నీ చేతిలో రెడ్‌మీ ఉంది కదా, అదే నీ టెస్టింగ్ మిషన్. సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి ఎంఐయూఐ వర్షన్ మీద, కొత్త ఫోన్లలో ఓఎస్ వర్షన్ మీద, ఏడుసార్లు నొక్కు. తర్వాత అడిషనల్ సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో ‘యూఎస్‌బీ డీబగ్గింగ్’ ఆన్ చేసి అందరూ ఆగిపోతారు. షియోమీ ఫోన్లలో దాని కిందనే ‘ఇన్‌స్టాల్ వయా యూఎస్‌బీ’ అని ఇంకోటుంది, అదీ ఆన్ చెయ్యాలి. దానికి ఫోన్లో సిమ్ ఉండాలి, ఎంఐ అకౌంట్‌లో లాగిన్ అయి ఉండాలి. ఇది చెయ్యకపోతేనే ‘ఇన్‌స్టాల్ ఫెయిల్డ్ యూజర్ రెస్ట్రిక్టెడ్’ అని వస్తుంది. అన్నీ సరిగ్గా ఉన్నా రన్ నొక్కినప్పుడల్లా ఫోన్ తెరమీద ఇన్‌స్టాల్ చేయమంటావా అని అడిగి సెకన్లు లెక్కపెడుతుంది. లాప్‌టాప్ వైపే చూస్తూ కూర్చుంటే ఆ టైమ్ దాటిపోయి అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. రన్ నొక్కగానే ఫోన్ చేతిలోకి తీసుకో.

స్టూడియోలో ఫోన్ పేరే రాకపోతే మొదలు కేబుల్ మార్చు. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లు మస్తు ఉంటాయి, వాటిలో డేటా తీగలుండవు. ఆ కేబుల్‌తో ఫోన్లో ఫొటోలు లాప్‌టాప్‌లో కనిపిస్తున్నాయా అన్నది చూస్తే తేలిపోతుంది. నోటిఫికేషన్‌లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకో. ఎస్‌డీకేలోని ‘ప్లాట్‌ఫామ్-టూల్స్’ ఫోల్డర్లో టెర్మినల్ తెరిచి ‘ఏడీబీ డివైసెస్’ కొట్టు (ఏడీబీ అంటే లాప్‌టాప్ ఫోన్‌తో మాట్లాడే పనిముట్టు). ‘అన్‌ఆథరైజ్డ్’ అని చూపిస్తే ఫోన్ తెరమీద అనుమతి అడుగుతోంది, ఒప్పుకో. ఆ ప్రశ్న రాకపోతే డెవలపర్ ఆప్షన్స్‌లో ‘రివోక్ యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆథరైజేషన్స్’ నొక్కి కేబుల్ తీసి మళ్లీ పెట్టు. ‘ఆఫ్‌లైన్’ అంటే ‘ఏడీబీ కిల్-సర్వర్’, ఆ వెంట ‘ఏడీబీ స్టార్ట్-సర్వర్’. అసలు ఏమీ చూపించకపోతే విండోస్ డ్రైవర్ లేనట్టు. ఎస్‌డీకే మేనేజర్లో దొరికే గూగుల్ యూఎస్‌బీ డ్రైవర్ గూగుల్ ఫోన్లకు, మిగతావాటికి ఆ ఫోన్ కంపెనీ డ్రైవర్ వెయ్యాలి.

కేబుల్ పోర్టు లూజైతే, ఫోన్ ఆండ్రాయిడ్ 11 గానీ ఆపైది గానీ అయితే వైర్‌లెస్ డీబగ్గింగ్ ఉంది. స్టూడియోలోని డివైస్ మేనేజర్లో వైఫై పెయిరింగ్ తెరిచి ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్. రెండూ ఒకే వైఫై మీదుండాలి. హాస్టల్, కాలేజీ వైఫైలలో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుకట్ట వేసి ఉండొచ్చు, అప్పుడు ఎంత పెయిర్ చేసినా దొరకదు. ఇంకో ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి రెండిటినీ దానికి కలుపు. ఈ కనెక్షన్‌కు ఇంటర్నెట్ డేటా ఖర్చు కాదు.

సీనియర్ల ప్రాజెక్టు విషయం వేరు, అక్కడ గొడవంతా వర్షన్లది. మూడు వర్షన్లు ఒకదానితో ఒకటి కుదరాలి: ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ (పొట్టిగా ఏజీపీ, గ్రేడిల్‌తో ఆండ్రాయిడ్ యాప్ కట్టించేది), గ్రేడిల్, జేడీకే (జావా పనిముట్ల కట్ట). ప్లగిన్ 7.0కు జేడీకే 11 కావాలి, 8.0కు జేడీకే 17. ప్లగిన్ 7.4 అయితే గ్రేడిల్ కనీసం 7.5, ప్లగిన్ 8.2కు గ్రేడిల్ 8.2, ప్లగిన్ 8.5కు గ్రేడిల్ 8.7. ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వర్షన్ 61’ అని వచ్చిందనుకో, 61 అంటే జావా 17, 65 అంటే జావా 21. అంటే నీ జావా కొత్తది, గ్రేడిల్ పాతది. జావా 17 మీద నడవాలంటే గ్రేడిల్ 7.3, జావా 21 మీదైతే 8.5 కనీసం ఉండాలి. స్టూడియో సెట్టింగ్స్‌లో బిల్డ్ టూల్స్ కింద గ్రేడిల్ పేజీలో ‘గ్రేడిల్ జేడీకే’ అని ఉంటుంది. పాత ప్రాజెక్టును ఉన్నదున్నట్టు ఒక్కసారి నడిపి చూడాలంటే అక్కడ పాత జేడీకే ఎంచుకోవడం తేలిక.

దాన్ని నీ ప్రాజెక్టుగా కొనసాగించాలంటే మాత్రం ‘ఏజీపీ అప్‌గ్రేడ్ అసిస్టెంట్’తో మెట్టుమెట్టుగా ఎక్కించు. ఒకేసారి 4 నుంచి 8కి దూకితే ఏ ఎర్రర్ దేనివల్లో తెలియదు. ప్రతి మెట్టుకు ముందు ప్రాజెక్టును కాపీ చేసి పెట్టుకో, గిట్ వస్తే కమిట్ చెయ్. ఎదురయ్యేవి ఎక్కువగా ఇవే. రిపాజిటరీల్లో (లైబ్రరీలు దింపుకునే చోట్లలో) జేసెంటర్ ఉంటే తీసేసి ‘మావెన్ సెంట్రల్’ రాయి, జేసెంటర్ మూసేస్తున్నట్టు 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించారు. ప్లగిన్ 8.0 నుంచి మానిఫెస్ట్‌లోని (యాప్ వివరాలు రాసే ఫైల్లోని) ప్యాకేజీ పేరు చాలదు, మాడ్యూల్ బిల్డ్ ఫైల్లో ‘నేమ్‌స్పేస్’ రాయాలి. టార్గెట్ ఎస్‌డీకే 31 గానీ ఆపైన గానీ పెడితే, ఇంటెంట్ ఫిల్టర్ ఉన్న ప్రతి యాక్టివిటీకి ‘ఎక్స్‌పోర్టెడ్’ ట్రూనో ఫాల్సో చెప్పాలి. కంపోజ్ (యాప్ తెరలను కోట్లిన్ కోడ్‌తోనే గీసే పద్ధతి) వాడి ఉంటే, కోట్లిన్ 2.0 రాకముందు కంపోజ్ కంపైలర్ వర్షన్ కోట్లిన్‌తో విడిగా జత కలపాల్సి ఉండేది. ఉదాహరణకు కోట్లిన్ 1.9.24కు కంపైలర్ 1.5.14. 2.0 నుంచి కంపోజ్ ప్లగిన్‌కు కోట్లిన్ వర్షనే ఇస్తే సరి.

ఒత్తులు తెగడం గురించి నువ్వు ఆఖర్లో అడిగావు గానీ, రైతులు చూసే యాప్‌కు నా లెక్కలో ముఖ్యమైనది ఇదే. ‘పత్తి’ అన్న మాట చూడు. త మీద గుడి పైకి లేస్తుంది, త ఒత్తు గీత కిందికి దిగుతుంది. ‘మిర్చి’లోనూ అంతే, పైన గుడి, కింద చ ఒత్తు. వరుస ఎత్తు 24 డీపీ (తెరమీది కొలత) అని బిగించి, అక్షరం 16 ఎస్‌పీ (అక్షరాల కొలత) పెడితే ‘కాటన్’ అని ఇంగ్లీష్‌లో రాసినప్పుడు నిక్షేపంగా కనిపిస్తుంది. అదే చోట ‘పత్తి’ పెడితే కింది ఒత్తు వరుస గీత దగ్గర తెగుతుంది. ఒత్తు లేని ‘పసుపు’ బాగానే కనిపిస్తుంది కాబట్టి తప్పు డేటాలో ఉందేమోనని వెతుకుతాం. అక్షరం ఎస్‌పీలో ఉంది, వరుస డీపీలో ఉంది. పెద్దవాళ్లు ఫోన్లో అక్షరాల సైజు పెంచుకుంటే అక్షరం పెరుగుతుంది, వరుస పెరగదు. అప్పుడు ఇంకా తెగుతుంది.

కాబట్టి ఎత్తును ‘రాప్ కంటెంట్’ చెయ్, తక్కువలో తక్కువ ఎంతుండాలో ‘మినిమమ్ హైట్’ ఇవ్వు. ‘ఇన్‌క్లూడ్ ఫాంట్ ప్యాడింగ్’ను ఫాల్స్ చేసి ఉంటే ఆ లైన్ తీసెయ్. కంపోజ్‌లో లైన్ హైట్ ఇచ్చేటప్పుడు అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టి చూడు. తెలుగు మాటలన్నీ ‘వాల్యూస్-టీఈ’ ఫోల్డర్లోని స్ట్రింగ్స్ ఫైల్లో రాయి, కోడ్‌లో కలపకు. ఫైల్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉందో లేదో కింది బార్‌లో చూసుకో. టెస్ట్ చేసేటప్పుడు ‘హన్మకొండ’, ‘జమ్మికుంట’, ‘పత్తి’, ‘మిర్చి’ నాలుగూ పెట్టి, ఫోన్ అక్షరాల సైజు అన్నిటికన్నా పెద్దది చేసి చూడు.

ధరలు నీ లాప్‌టాప్‌లో నడిచే సర్వర్ నుంచి తెప్పిస్తే ఒక జాగ్రత్త. ఫోన్లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, లాప్‌టాప్ కాదు. కేబుల్ పెట్టి ‘ఏడీబీ రివర్స్’ పక్కన ‘టీసీపీ:3000’ రెండుసార్లు ఇస్తే ఫోన్లోని 3000 పోర్టు లాప్‌టాప్‌కు కలుస్తుంది. 3000 బదులు నీ పోర్టు రాసుకో. ఆండ్రాయిడ్ 9 నుంచి ఎస్ లేని హెచ్‌టీటీపీని ఫోన్ అడ్డుకుంటుంది, ‘క్లియర్‌టెక్స్ట్ నాట్ పర్మిటెడ్’ అని వస్తే అదే కారణం. నెట్‌వర్క్ సెక్యూరిటీ కాన్ఫిగ్‌లో నీ టెస్ట్ అడ్రస్ ఒక్కదానికే అనుమతివ్వు.

ప్లే స్టోర్లో పెట్టాలనుకుంటే ముందే తెలుసుకో: రిజిస్ట్రేషన్ ఒకేసారి 25 డాలర్లు. 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత అకౌంట్లకు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ జరిపిస్తేనే అందరికీ విడుదల చేసేందుకు దరఖాస్తు పెట్టుకోనిస్తారు. ప్రాజెక్టు సమర్పించే తేదీ చూసుకుని వెనక నుంచి లెక్కేసుకో. కీస్టోర్ ఫైల్ (యాప్ నీదేనని సంతకం చేసే తాళంచెవి ఫైల్), దాని పాస్‌వర్డ్ రెండూ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, మెయిల్ కాకుండా ఇంకో చోట ఒక కాపీ ఉంచుకో.

ఇవి చేశాక ఇంకా ఏదైనా ఆగితే స్క్రీన్ ఫొటో పంపకు. బిల్డ్ విండోలోని మొత్తం రాతను కాపీ చేసి పంపు. అందులో ‘కాజ్డ్ బై’ అని చాలా చోట్ల వస్తుంది, అన్నిటికన్నా కిందున్న ‘కాజ్డ్ బై’ లైన్‌లోనే చాలాసార్లు అసలు కారణం ఉంటుంది. యాప్ తెరవగానే మూసుకుపోతుంటే లాగ్‌క్యాట్ (ఫోన్ నుంచి వచ్చే సందేశాలు చూపే స్టూడియో విండో) ఫిల్టర్లో ‘ప్యాకేజ్:మైన్’ పెట్టి, ‘ఫేటల్ ఎక్సెప్షన్’ దగ్గర్నుంచి కాపీ చెయ్. దాంతోపాటు ప్లగిన్, గ్రేడిల్, జేడీకే మూడు వర్షన్లూ రాయి.